పిల్లల ఖర్చుకు నెలకు ఎంత ఇస్తే న్యాయం? పెద్దమనుషులు పదివేలన్నారు, ఆమె ఇరవై ఐదంటోంది

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. ఏడాదిగా మీరిద్దరూ విడిగా ఉంటున్నారు. పాపకు 10 ఏళ్లు, బాబుకు 6. పిల్లలు కావలిలో వాళ్ల అమ్మమ్మగారింట్లో తల్లి దగ్గర ఉన్నారు. మీరు కృష్ణపట్నం వైపు ఒక ప్రైవేటు కంపెనీలో చేస్తున్నారు, కోతలు పోను చేతికి 58,000 వస్తుంది. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 14,000. నెల్లూరు ఫ్లాటుకు ఈఎంఐ 16,000 కడుతున్నారు. పెద్దమనుషులు నెలకు 10,000 అన్నారు, ఆమె 25,000 అడుగుతోంది. న్యాయంగా ఎంత ఇవ్వాలి, ఇప్పటిదాకా అప్పుడప్పుడు పంపిన డబ్బు లెక్కలోకి వస్తుందా అన్నది మీ ప్రశ్న.

నా లెక్కలో ఇద్దరు పిల్లలకూ కలిపి మీ వంతు నెలకు సుమారు 21,000. ఇది పిల్లలకు మాత్రమే. మీ భార్య సొంత మనోవర్తి ఇందులో లేదు, అది వేరే విషయం. పదివేలు ఏ లెక్కన చూసినా చాలదు. ఇరవై ఐదు అడిగారంటే అందులో ఆమె కోసం కూడా కొంత కలిపి ఉండొచ్చు. ఆ మాట కోపం లేకుండా అడిగి తెలుసుకోండి, సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

నేను ఒంగోలులో ప్లీడర్ని. నా దగ్గరకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఫ్యామిలీ కేసులే. కావలి, నెల్లూరు కోర్టులకూ వెళ్తుంటాను. భర్తల తరఫునా వాదించాను, భార్యల తరఫునా వాదించాను. కాబట్టి కింద రాసేది ఒక పక్షం మాట అనుకోకండి.

జీతంలో ఇంత శాతం పిల్లలకు అని చెప్పే పట్టిక మన చట్టంలో లేదు. "పాతిక శాతం ఇస్తే సరిపోతుందంట కదా మేడమ్" అని చాలామంది అడుగుతారు. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో భర్త నికర జీతంలో 25 శాతం భార్యకు సబబుగా ఉంటుందంది. అది ఆ కేసు పరిస్థితులను బట్టి, భార్య విషయంలో అన్నమాట. పిల్లల లెక్కకు దాన్ని అతికించడం ఎందుకో నాకు అర్థం కాదు. ఒక బిడ్డకీ పాతికే, ముగ్గురికీ పాతికేనా?

నేను చేసే పద్ధతి తిరగేసి ఉంటుంది. తండ్రి జీతం దగ్గర మొదలుపెట్టను, పిల్లల ఖర్చు దగ్గర మొదలుపెడతాను. ముందు పిల్లలకు నెలకు నిజంగా ఎంత అవుతోందో కాగితం మీద పెట్టాలి. తర్వాత ఆ మొత్తాన్ని ఇద్దరి సంపాదన దామాషాలో పంచాలి. మీ పిల్లల వయసుకు, కావలి లాంటి ఊరికి నేను వేసే అంచనా ఇది. మీ దగ్గరున్న రసీదులు చూసి అంకెలు మార్చుకోండి.

స్కూలు ఫీజు పాపకు ఏడాదికి 48,000, బాబుకు 36,000 అనుకుందాం, నెలకు 7,000 పడుతుంది. పుస్తకాలు, యూనిఫాం, బూట్లకు ఏడాదికి 18,000, అంటే నెలకు 1,500. స్కూలు ఆటో ఇద్దరికీ 1,800. పాప ట్యూషన్ 1,000. తిండి, పాలు, పండ్లు ఇద్దరికీ 8,000. ఇది ఎక్కువనిపిస్తే ఈ నెల పాల బిల్లు, గుడ్ల బిల్లు మీరే చూడండి. బట్టలు 1,000. డాక్టరు, మందులు సగటున 1,500. కరెంటు, ఫోను, నెట్‌లో పిల్లల వంతు 700. చిల్లర ఖర్చులు, పుట్టినరోజులు, కటింగు 1,000. ఆఖరుది ఇంటి వంతు, 2,500.

ఈ ఆఖరు అంకె దగ్గర మగవాళ్లంతా ఆగిపోతారు. "వాళ్లమ్మగారింట్లోనే కదా ఉన్నారు, అద్దె ఎందుకు?" అంటారు. మీ పిల్లలకు నీడ ఇవ్వాల్సింది మీరు, మీ మామగారు కాదు. ఆయన అడగకపోవడం ఆయన మంచితనం. దాన్ని మీ లాభంగా రాసుకోకూడదు. రేపు ఆయన లేకపోయినా, బావమరిది పెళ్లయి ఇల్లు ఇరుకైనా ఆమె అద్దెకు వెళ్లాల్సిందే.

మొత్తం 26,000 అయింది. మీ ఇద్దరి ఆదాయం కలిపితే 72,000, అందులో మీది 58,000, అంటే నూటికి ఎనభై చిల్లర. 26,000లో మీ వంతు 20,900 దాకా వస్తుంది, ఆమె వంతు 5,100. నేను మీ వంతును 21,000 చేస్తాను, 20,000కు దించను. జ్వరం వస్తే రాత్రంతా మేలుకునేది, సెలవు పెట్టి జీతం కోయించుకునేది ఆమే. ఈ పట్టికలో ఎక్కని ఖర్చులు కూడా ఆమె చేతిలోంచే పోతాయి.

తల్లి సంపాదిస్తుంటే ఆమె కూడా పెట్టాలా అంటే, పెట్టాలి. పద్మజా శర్మ కేసులో 2000లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగులు, తండ్రి జీతం తల్లి జీతానికి దాదాపు రెట్టింపు. పిల్లల ఖర్చును ఇద్దరూ 2:1 నిష్పత్తిలో భరించాలంది. హిందూ దత్తత, మనోవర్తి చట్టం (1956) 20వ సెక్షన్ కూడా పిల్లల్ని పోషించే బాధ్యత తండ్రికే అనలేదు, తల్లికీ పెట్టింది. అందుకని "ఆమె సంపాదిస్తోంది, నేనెందుకివ్వాలి" అన్న వాదనా నిలవదు, "ఆయనే మొత్తం పెట్టాలి" అన్న వాదనా ప్రతిసారీ నిలవదు.

బడికెళ్లే పిల్లల తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు గురించి కూడా చెప్పాలి, ఈ మధ్య ప్రతి పంచాయితీలోనూ వస్తోంది. ఏడాదికి ఒక్కో బిడ్డకు 13,000 తల్లి ఖాతాలో పడుతోంది కాబట్టి నా వంతు తగ్గించండి అంటారు. దానికి ఆదాయ పరిమితి ఉంది కాబట్టి మీ పిల్లలకు వస్తోందో లేదో ముందు కనుక్కోండి. వస్తుంటే మొత్తం స్కూలు ఖర్చులోంచి తీసేసి, మిగిలింది దామాషాలో పంచుకోండి. అంతా మీ వంతులోంచే తీసేయడం మాత్రం కుదరదు.

ఇక మీ ఈఎంఐ. ఆదాయపు పన్ను, వృత్తి పన్ను, తప్పనిసరి పీఎఫ్ లాంటి కోతలను కోర్టు ఒప్పుకుంటుంది. మీరు కావాలని తీసుకున్న లోను, కడుతున్న చీటీ, పెంచుకున్న పీఎఫ్ పిల్లల తిండికంటే ముందు రావు. పైగా ఆ ఫ్లాటులో మీరే ఉంటున్నారో, అద్దెకిచ్చారో మీరు రాయలేదు. అద్దెకిచ్చి ఉంటే ఆ అద్దె కూడా మీ ఆదాయమే, 58,000 మీద కలపాలి. కలిపితే మీ వంతు ఇంకొంచెం పెరుగుతుంది. మీరే ఉంటుంటే, 21,000 ఇచ్చి, 16,000 కట్టి, ఇంకో 21,000 మిగులుతుంది. ఒక్క మనిషి బతకడానికి నెల్లూరులో అది ఇబ్బందే కానీ అసాధ్యం కాదు.

కేసు నోటీసు రాగానే పుట్టుకొచ్చే అప్పులు ఇంకో రకం. పాత తేదీ వేసిన ప్రోనోట్లు, మేనమామ దగ్గర తీసుకున్న చేతిబదుళ్లు. జడ్జీలు వాటిని ఏళ్లుగా చూస్తున్నారు. అవి పెడితే మీ నిజమైన కష్టం కూడా నమ్మరు.

మీది నెలజీతం కాబట్టి లెక్క తేలికే. మన జిల్లాల్లో అసలు కష్టం జీతం లేనివాళ్లది. ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల రైతు నా దగ్గరకు వచ్చాడు. ఒక పంటకు లక్షలు మిగులుతాయి, తర్వాతి పంటకు వైరస్ వచ్చి మొత్తం పోతుంది. "నెలనెలా ఇంత అని ఎట్లా రాయమంటారు మేడమ్, నాకే తెలీదు ఎంతొస్తుందో" అన్నాడు. అబద్ధం కాదది. చివరికి ఇలా కుదిర్చాం. పంట ఎలా ఉన్నా తిండికి సరిపడా కొంత మొత్తం ప్రతినెలా ఖాతాలో పడాలి. పంట పట్టిన పది రోజుల్లోగా ఏడాది స్కూలు ఫీజు మొత్తం స్కూలుకే కట్టాలి. రెండు పంటలు వరసగా పోతే నెలమొత్తం మళ్లీ మాట్లాడుకోవాలి, కానీ ఆపకూడదు. ఆ ఏర్పాటు ఇప్పటికీ నడుస్తోంది.

కొండపి, టంగుటూరు వైపు పొగాకు రైతులకు ఇంకా సులువు. వేలం డబ్బు వాళ్ల బ్యాంకు ఖాతాలోకే వస్తుంది, ఎంత అమ్మారో దాచే వీలుండదు. వేలం నడిచే నెలల్లోనే స్కూలు ఫీజుల కాలం కూడా వస్తుంది. చీమకుర్తి క్వారీల్లో చేసేవాళ్లలో కొందరికి జీతం చేతికే వస్తుంది, కాగితం ఉండదు. అలాంటప్పుడు చేసే పనిని బట్టి, బతికే తీరును బట్టి కోర్టు ఆదాయాన్ని అంచనా వేస్తుంది. ఒళ్లు బాగున్న మనిషి "పని లేదు" అంటే చాలదు, కూలిపని చేసైనా పోషించాలని సుప్రీంకోర్టు 2022లో అంజు గర్గ్ కేసులో మరోసారి చెప్పింది.

డబ్బు ఎలా ఇస్తారన్నది, ఎంత ఇస్తారన్నదానికంటే తక్కువ విషయం కాదు. నేను చూసిన గొడవల్లో చాలావరకు ఇక్కడ పుట్టినవే. మీకు నా సలహా 21,000ను రెండుగా విడదీయమని. స్కూలు ఫీజు, పుస్తకాలు, యూనిఫాం తీసేస్తే మిగిలిన ఖర్చు 17,500, అందులో మీ వంతు 14,000. అది ప్రతినెలా 5వ తేదీలోపు ఆమె ఖాతాకు వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. స్కూలు ఖర్చు ఏడాదికి 1,02,000, మీ వంతు 82,000. అందులో ఫీజును జూన్‌లో సగం, దసరా తర్వాత సగం స్కూల్లో మీరే కట్టి రసీదు ఫొటో ఆమెకు పంపండి. పుస్తకాల డబ్బు జూన్‌లో ఆమెకే వేయండి. ఇలా చేస్తే "నేనిచ్చిన డబ్బు పిల్లలకే పోతోందా" అన్న అనుమానం మీకుండదు, ఫీజు కోసం మీకు ఫోన్ చేసే అవసరం ఆమెకుండదు.

చేతికి నగదు ఇవ్వకండి. అత్తగారికిచ్చాను, బావమరిది చేతికిచ్చాను అని కోర్టులో చెప్తే ఎవరూ రాసుకోరు. పాపతో డబ్బు పంపడం అసలే వద్దు. పదేళ్ల పిల్ల చేతికి కవరిచ్చి "మీ అమ్మకివ్వు" అంటే ఆ పిల్లకు ఏమనిపిస్తుందో ఆలోచించండి. పండక్కి కొన్న బట్టలు, సైకిలు, ట్యాబు ఇందులో జమ కావు. అవి నాన్నగా మీరిచ్చినవి. ఆదివారం పిల్లలు మీ దగ్గరున్నప్పుడు పెట్టిన బిర్యానీ ఖర్చు కూడా అంతే. నెలలో సగం రోజులు నిజంగా మీ దగ్గరే పెరుగుతుంటే అప్పుడు తిండి లెక్క మార్చుకోవచ్చు.

పెంపు సంగతి ఇప్పుడే రాసుకోండి. ఫీజు ఎంత పెరిగితే అంత, అదే దామాషాలో పడుతుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. నెలవారీ 14,000 మాత్రం ప్రతి జూన్‌లో ఏడో, ఎనిమిదో శాతం పెరగాలని రాయండి. లేకపోతే పాప పదో తరగతికి వచ్చేసరికి అదే 14,000 కోసం మళ్లీ పెద్దమనుషుల్లో కూర్చుంటారు.

ఇంటర్మీడియట్ గురించి విడిగా ఒక వాక్యం ఉండాలి. నెల్లూరులో రెసిడెన్షియల్ కాలేజీ అంటే ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి లక్షల్లోనే మాట. పదో తరగతి దాకా సాఫీగా నడిచిన ఒప్పందాలు అక్కడ తెగిపోవడం చాలాసార్లు చూశాను. తండ్రి గవర్నమెంటు కాలేజీ చాలంటాడు, తల్లి ఐఐటీ కోచింగ్ అంటుంది. ఇద్దరూ ఒప్పుకున్న కాలేజీ అయితే 80:20, ఒకరే నిర్ణయిస్తే ఇంతవరకే అని ఒక పరిమితి రాసుకుంటే ఆరేళ్ల తర్వాత గొంతులు లేవవు.

పద్దెనిమిది దాటాక ఏమిటన్నది కూడా. మనోవర్తి అడిగే పాత సీఆర్పీసీ (నేర విచారణ స్మృతి) 125వ సెక్షనే ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఏ మతం వాళ్లకైనా వర్తిస్తుంది. అది మామూలుగా పిల్లలకు 18 ఏళ్లు నిండేవరకే. పెళ్లికాని కూతురు తనను తాను పోషించుకోలేకపోతే, హిందువులైతే, 1956 చట్టం కింద ఆ తర్వాత కూడా అడగొచ్చు. కొడుకు విషయంలో చట్టం పట్టు 18 తర్వాత సడలుతుంది. అందుకే ఒప్పందంలో "డిగ్రీ లేదా ఇంజనీరింగ్ పూర్తయ్యేవరకు" అని ఇద్దరికీ సమానంగా రాయమంటాను. చట్టం బలవంతం చేయనిది మనం ఒప్పుకోకూడదని ఎక్కడా లేదు.

మీ పెద్దమనుషుల్లో ఎవరో "పది లక్షలు ఒకేసారి ఇచ్చేసి వదిలించుకో" అన్నారని కూడా రాశారు. బాబుకు 18 వచ్చేదాకా ఇంకా పన్నెండేళ్లు, అంటే 144 నెలలు. పది లక్షలను 144తో భాగిస్తే ఇద్దరు పిల్లలకూ కలిపి నెలకు ఏడువేలు కూడా రాదు. రెండోది, పిల్లల హక్కును తల్లి సంతకం పెట్టి వదిలేయలేదు. "ఇకపై పిల్లల తరఫున ఏమీ అడగను" అని వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఎంత గట్టిగా రాయించుకున్నా, రేపు పిల్లల పేరు మీద కేసు వేస్తే అది మీకు అడ్డుగోడ కాదు.

పెద్దమనుషుల కాగితానికి ఇంకో లోటుంది, దాని మీద నేరుగా వసూలు చేయలేరు. మాట కుదిరాక జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి లోక్ అదాలత్‌లో అవార్డుగా (తీర్పుగా) మార్పించుకోండి. దానికి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, కోర్టు ఫీజు ఉండదు, మామూలు అప్పీలు ఉండదు. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు అక్కడ ఉచితంగా వకీలునిస్తారు, 15100కు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు. ఈ మాట మీ భార్యకు కూడా చెప్పండి. ఆమెకు వకీలు ఉంటే మీకే మంచిది, కుదిరిన ఒప్పందాన్ని తర్వాత ఎవరూ "నాకు తెలియక పెట్టాను" అనలేరు.

సాగదీస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. ఆమె ఉండే ఊళ్లోని కోర్టులోనే ఎంసీ (మనోవర్తి) కేసు వేయొచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లో మధ్యంతర మనోవర్తి తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలోనే ఉంది. 2020 నవంబరులో రజనీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు మనోవర్తిని కేసు వేసిన తేదీ నుంచే లెక్కగట్టాలంది. రెండేళ్లు వాయిదాలు తిప్పి గెలిచాననుకుంటారు, చివర్లో నెలకు 20,000 అని తీర్పొస్తే ఒక్కసారే 4,80,000 బాకీ కనిపిస్తుంది. కట్టకపోతే ఒక్కో నెల బాకీకి నెల వరకు జైలు వేయొచ్చు, జైలుకెళ్లినా బాకీ పోదు. ఉద్యోగం పోయి నిజంగా కట్టలేకపోతే మొత్తం తగ్గించమని 146వ సెక్షన్ కింద పిటిషన్ వేయాలి. మీ అంతట మీరు ఆపేయకూడదు.

అదే 2020 తీర్పుకు జతగా ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చుల అఫిడవిట్ నమూనా ఒకటి ఉంది. కోర్టుకెళ్లకపోయినా మీరిద్దరూ దాన్ని నింపి పెద్దమనుషుల ముందు పెట్టండి. నేను మధ్యవర్తిగా కూర్చునేటప్పుడు ముందు అదే చేయిస్తాను. బ్యాంకు స్టేట్‌మెంట్లు బల్ల మీదకొచ్చాక అరుపులు చాలా తగ్గుతాయి.

పిల్లల్ని చూపించడం, డబ్బివ్వడం రెండూ ముడిపెట్టకండి. "చూపిస్తేనే ఇస్తా", "ఇస్తేనే చూపిస్తా" రెండూ తప్పే. ఆమె చూపించకపోతే దానికి వేరే పిటిషన్ ఉంది. ఆ కోపంతో మీరు డబ్బు ఆపిన నెలలు ఆ పిటిషన్‌లో మీకే అడ్డమొస్తాయి.

చివరిగా, ఏడాదిగా అప్పుడప్పుడు పంపిన డబ్బు. కేసు వేయకముందు నెలలకు 144వ సెక్షన్ కింద బాకీ లెక్కకట్టరు. సివిల్ దావాలో పాత బాకీ అడిగే దారి మాత్రం ఉంది. మీరు ఫోన్‌పేలో, బ్యాంకులో పంపినవి చూపించుకోవచ్చు. ఆ స్టేట్‌మెంట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి. చేతికిచ్చినవాటి సంగతి మర్చిపోండి. పిల్లల స్కూలు ఫీజు ఈ ఏడాది ఇంకా బాకీ ఉంటే, పెద్దమనుషులు మళ్లీ కూర్చునేలోపు అది కట్టేసి, ఈ నెల 14,000 కూడా పంపేయండి. ఒప్పందం కుదరలేదు కదా అని ఆగకండి. మళ్లీ కూర్చునేటప్పుడు ఆరు నెలల శాలరీ స్లిప్పులు, లోను స్టేట్‌మెంటు, ఫ్లాటు అద్దెకిచ్చి ఉంటే ఆ అగ్రిమెంటు తీసుకెళ్లండి. ఆమెను స్కూలు రసీదులు, మందుల బిల్లులు తెమ్మనండి. నా అంచనాకు మీ అసలు అంకెలకు తేడా ఎక్కువుంటే ఆ పట్టిక ఇక్కడే రాయండి, మళ్లీ చూస్తాను.